రెండో గంటకీ మూడో గంటకీ మధ్య

రెండో గంట మోత ఇంకా చెవుల్లో గుంయ్‌మంటూనే ఉంది. చర్చిలో మాత్రం వరసగా పరిచిన చాపలు, ముందు చాప మీద దయామణి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న కూతురు నిరీక్షణ, కిటికీ ఊచ మీద ఒక పిచ్చుక, అంతే. ఈ ఊళ్లో గంటల సంగతి పుట్టిన బిడ్డకి కూడా తెలుసు. మొదటి గంటకి పొయ్యి మీద నీళ్లు, రెండో గంటకి తల దువ్వుకోడాలు, మూడో గంటకి గడప లోపల కాలు. మామూలు ఆదివారమైతే ఈపాటికి ముసలమ్మలు నలుగురైనా వచ్చి, ఆనుకోడానికి గోడ నాదంటే నాదని పోట్లాడుకుంటూ ఉండాలి. వస్తారులే, ఎందుకు రారు, వారమంతా వంగి మిరపకాయలు కోసిన నడుములు, ఓ పట్టాన లేస్తాయా ఏంటి, అని తనకి తనే సర్దిచెప్పుకుంది దయామణి. మనసు చెప్పిన మాట వినే రకమైతే ఇన్ని బాధలెందుకు! కళ్లు వాకిలి వైపే పోతున్నాయి. వాకిట్లో గంట స్తంభం దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డ మొగుడు, పాస్టరు ఏసుపాదం వీపు కనిపిస్తోంది. తెల్ల లాల్చీ చెమటకి అతుక్కుపోయింది. ఎదురుగా పల్లె సందు, సందులో ఒక కోడిపుంజు తప్ప నరమానవుడు లేడు. తాడు వదిలేసి లోపలికి రాకూడదా ఈ మనిషి, అక్కడ నిలబడి చూస్తే మాత్రం వచ్చేవాళ్లు ముందొస్తారా!

ముందు వైపు బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద తను తెల్లారకట్ల చేసిన ఉప్పులేని రొట్టెలు, పక్కన ద్రాక్షరసం. నిజానికి ప్రభువు బల్ల, అందరూ కలిసి ఆ రొట్టె, రసం పుచ్చుకోవడం, నెలకోసారే, మొదటి ఆదివారం. పోయిన వారమే అయిపోయింది. మళ్లీ ఈ వారం బల్లేంటండీ అయ్యగారూ, నెల తిరగందే, అని సంఘ పెద్దలు నొసలు చిట్లించారు. ఏసుపాదం మాత్రం "ఉంది, అందరికీ చెప్పండి" అని ఊరుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. పెళ్లాం దగ్గర కూడా నోరు విప్పని మనిషి పెద్దల దగ్గర ఏం విప్పుతాడు! ద్రాక్షపళ్లు తెచ్చి ఉడకేసి తనే వడగట్టింది. ఆ రసం ప్రతి నెలా పల్లెకి పెద్దదిక్కు దానమ్మ చేసేది. దయామణి ఈ ఊరు రాకముందునుంచీ దానమ్మే. ఈసారి చేసి పెట్టమని అడగడానికి మొహం చెల్లలేదు. ఎలా అడుగుతుంది? పోయిన వారం ఆవిడ చేసిన రసం ఆవిడే తాగలేకపోయింది గదా.

 పోయిన వారం దానమ్మ ఎప్పటిలా కొంగు చాటున స్టీలు చెంబు పట్టుకొచ్చి, మూత తీసి బల్ల మీద పెట్టి, వందనాలమ్మా అని నవ్వి, తన చోట కూర్చుంది. అప్పుడు ఏసుపాదం మైకు పట్టుకుని, అంతకు ముందాదివారం పాట మధ్యలో లేచిపోయినవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు, కూలి ముందా దేవుడు ముందా తేల్చుకునేదాకా అలాంటివాళ్లు బల్లలో చెయ్యి వేయొద్దు, ఎడంగా కూర్చోండి, అన్నాడు.  పైన నిలబడి మాట్లాడేవాళ్లకి కింద కూర్చున్నవాళ్లు ఎదురు చెప్పే ఆనవాయితీ ఈ ఊళ్లో లేదు. ముందుగా దానమ్మ లేచింది. చెప్పులు విడిచే చోటుకి పోయి, గోడకి కాదు, గడపకి ఆనుకుని కూర్చుని, కొంగు నుదురు దాకా లాక్కుంది. ఆవిడ వెనకాలే చర్చి చాలామటుకు లేచి వెనక్కి పోయింది. మిగిలిన పదిమందీ రొట్టె తింటుంటే నమిలిన చప్పుడు వినిపించింది.  దయామణి ఆ ముక్క నోట్లోనే పెట్టుకుంది. మింగలేక కక్కలేక కూర్చుంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా పెద్దలు! ఏసుపాదం చెడ్డవాడా అంటే కాదు, ఒట్టు, కాదు. రాత్రనక పగలనక ఎవరింట్లో జ్వరమన్నా పరిగెత్తుతాడు. కాకపోతే పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. అందులోనూ ఆదివారం సంగతైతే నాలుగో కాలు చూపించినా ఒప్పుకోడు. దానికీ ఒక కథ ఉంది. సింగరాయకొండ వైపు, ఆకు కాల్చి ఆరబెట్టే పొగాకు బ్యారన్‌లో వాళ్ల నాన్న మంట వేసేవాడు. ఆకు కాలేటప్పుడు బ్యారన్ కింద మంటకి శుక్రవారం లేదు, ఆదివారం లేదు, కునుకు తీస్తే రైతు పంటంతా మాడిపోతుంది. నాన్న చర్చిలో కూర్చోగా ఒక్కసారీ చూడలేదు దయా, అని పెళ్లయిన కొత్తలో చెప్పాడు. అమ్మ పక్కన చోటు ఖాళీగా ఉండేది, అమ్మ ఆ చోట బైబిలు పెట్టేది, ఎవరూ కూర్చోకుండా. చెబుతూ చెబుతూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అదీ సంగతి. పాట మధ్యలో చర్చి ఖాళీ అయిపోతే ఆయనకి కనిపించింది మనుషులు కాదు, అమ్మ పక్కన ఆ ఖాళీ చోటు. అది దయామణికి తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం, దానమ్మకి తెలియదుగా.

"అమ్మా, ఎవరూ రారా?" అంది నిరీక్షణ, ఒళ్లోంచే. వస్తారు తల్లీ, అంది. "దానమ్మవ్వ?" అంది. ఈ పిల్లకి పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించింది ఆవిడే. అప్పటికి ఈ ఊరొచ్చి నిండా రెండు నెలలు కాలేదు, పుట్టింటివాళ్లు ఎవరూ దగ్గర లేరు, పాస్టరు పెళ్లామంటే ఊరందరికీ కోడలే అని అమ్మ ముందే అననే అంది, కోడలి పురిటికి అత్తగారిలా ఊడిపడింది దానమ్మ. పిల్లని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ, అరుస్తావేమే, గొంతు బాగుంది, పాటలు పాడిస్తా నీ చేత, అని పిల్లతో కబుర్లు. అన్నం వండటం కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. నవ్వకండి, దయామణికి వంట రాక కాదు. ఈ సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు దేవుడికని పక్కన తీస్తారు, ఆదివారం ఆ గుప్పెళ్లన్నీ తెచ్చి ఒకే గంపలో పోస్తారు, అదే పాస్టరుగారింటి గ్రాసం. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది రేషనుబియ్యం, ఒకరిది కొత్తవి, ఒకరిది పాతవి. కొత్తలో అన్నీ కలిపి వండితే సగం మెత్తగా ముద్దయ్యేది, సగం పలుకుగా నిలిచేది. ముద్దలో రాయి తగిలినట్టు తగిలేది. ఏడుపొచ్చేది. ఒకరోజు దానమ్మ వచ్చి గిన్నెలో చూసి పకపకా నవ్వి, పిచ్చిదానా, ఇది ఒక ఇంటి బియ్యం కాదమ్మా, ఊరి బియ్యం, మంట తగ్గించి, మూతపెట్టి, ఓపిక పట్టాలి, ముదురూ లేతా ఒకదానికోసం ఒకటి ఆగుతాయి, అంది. అప్పట్నుంచీ అన్నం కుదిరింది. ఆ మాట ఏసుపాదానికి కూడా ఒకసారి చెప్పి ఉండాల్సింది. వింటాడా, అదొకటి.

ఎండ కిటికీలోంచి చాప మీదికి జరిగింది. అవతల రామాలయం మైకులో పాట ఆగిపోయింది. దూరంగా కళ్లాల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, మధ్యలో కాళ్లతో కాయ తిరగేసుకుంటూ పోయే మనిషెవరో. ఆకాశంలో మబ్బు లేదు, దేవుడా నీకు స్తోత్రం. రెండు వారాల కిందటి ఆదివారం మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది నల్లటి మబ్బు, కోతల కాలంలో వానేంటని తిట్టుకునే లోపల గాలిదుమ్ము లేచింది. చర్చిలో రెండో పాట నడుస్తోంది. బయట ఎవరో ఆడమనిషి గొంతు, "పట్టలు! పట్టలమ్మా! వానొచ్చేసింది!" అని. ఆ కేకకి ముందు లేచింది దానమ్మే. పాట నోట్లో ఉండగానే కొంగు బిగించి బయటికి దూకింది. ఆ వయసులో అంత పరుగు ఎక్కడినుంచి వచ్చిందో! ఆవిడ వెనకాల ఆడా మగా అందరూ. క్షణంలో చర్చి ఖాళీ. ఏసుపాదం పాట ఆపలేదు. ఇంకా గట్టిగా పాడాడు. ఉరుము మీదికి పాడాడు. ముసలమ్మలు, సంఘ పెద్దలు, దయామణి, పిల్ల, అంతా కలిసి పదిమంది, ఇంతమందే పాడారు. పాడుతుంటే దయామణి కాళ్లు మాత్రం వాకిలి వైపు లాగాయి. కాయ తడిస్తే తెల్లమచ్చ పడుతుంది, మిర్చి యార్డులో కొనేవాడెవడూ కన్నెత్తి చూడడు, ఈ ఊళ్లో ఆ సంగతి తెలియనిదెవరికి?

ఎవరి కాయ, ఏం కథ అని ఆయన అడిగితేనా! రైతులు కూలికి పిలిచి ఉంటారు, పరిగెత్తారు, అనుకున్నాడు. తనూ అదే అనుకుంది, ఆ మాటకొస్తే. మొన్న బుధవారం దాకా అదే అనుకున్నారు ఇద్దరూ. బుధవారం పొద్దున శివపార్వతి గారు వచ్చింది. ఊళ్లో రైతు చెంచురామయ్య గారి భార్య, ఎప్పుడూ ఈ గడప తొక్కిన మనిషి కాదు. పెదకాకాని శివాలయానికి వెళ్లి మొక్కు తీర్చుకుని నేరుగా ఇటే వచ్చానండీ, అంది. నుదుట కుంకుమ, చేతిలో చిన్న గోనెసంచి, సంచిలో ఎర్రటి ఎండుమిరపకాయలు. "ఏడాదికి సరిపడా ఉంచుకోండి పాస్టరమ్మగారూ, మీరు కాదనకూడదు" అంది. దయామణికి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది ఆవిడ. వాళ్లాయన బండి మీదనుంచి పడి కాలు విరిగి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంట్లో తనూ ముసలి అత్తగారూ, కళ్లం మీద పంటంతా ఉంది, ఆ రోజు మబ్బు చూసి కేక వేసింది గానీ, ఎవరొస్తారని వేసింది, ఏడుపొచ్చి వేసింది. ఇంతలో పల్లె పల్లెంతా వచ్చిపడింది. పట్టలు కప్పారు, రాళ్లు పెట్టారు, పట్టలు చాలకపోతే మీవాళ్లు ఒంటిమీద దుప్పట్లు తీసి కప్పారండీ. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "ఆదివారం గదా, మీ అయ్యగారు ఏమీ అనరా అని నేనే అడిగాను దానమ్మని. ఆయనే పంపాడమ్మా అంది. ఎంత మంచి మనసండీ మీ ఆయనది!"

లోపల గదిలో ఏసుపాదం అంతా విన్నాడు. బయటికి రాలేదు. ఆవిడ వెళ్లిపోయాక చూస్తే మంచం మీద కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకుని ఉన్నాడు. ఆయనే పంపాడమ్మా! ఈయన ఎడంగా కూర్చోబెట్టడానికి వారం ముందే ఆ మాట అంది దానమ్మ. అబద్ధమని అందామా అంటే, కాదే. అడిగితే పంపేవాడే అని నమ్మింది. మా అయ్యగారు అలాంటి మనిషి అని నమ్మి, అడక్కుండానే ఆయన తరఫున అనేసింది. ఎడంగా కూర్చున్నప్పుడు కూడా ఒక్కరితోనూ, ఇదీ జరిగిందయ్యా, అనలేదు. దయామణికి కోపం ముంచుకొచ్చింది, మొగుడి మీదా, దానమ్మ మీదా, ఊరి మీదా, ఎవరో ఒకరు నోరు తెరవచ్చుగదా అని. తర్వాత ఏడుపొచ్చింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు ఆయన. సాయంత్రం కండువా వేసుకుని పల్లెలోకి పోయాడు, దానమ్మ ఇంటికి. చెప్పేసి వస్తాడు, పోనీలే, అని ఊపిరి పీల్చుకుంది. చీకటి పడకముందే తిరిగొచ్చాడు. ఏమన్నదండీ అంటే, మజ్జిగ ఇచ్చింది, అన్నాడు. మరి మీరేమన్నారు? తాగాను, అన్నాడు. రెండు గంటలు కాగితం చూడకుండా ప్రసంగం చెప్పే మనిషి! దానమ్మ మిరపకాయల తొడిమలు తీసిన చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుందట, మంటకి. కూర్చోండయ్యా అని పీట వేసిందట, పిల్ల బడికి పోతోందా, మేక ఈనింది చూశారా, అని అన్నీ మాట్లాడిందట, ఆ ఒక్క సంగతీ తప్ప. ఈయన గొంతులోంచి తప్పయిందన్న ఒక్క మాటా రాలేదు. గ్లాసు ఖాళీ చేసి లేచొచ్చాడు. తర్వాతి రోజు పొద్దున, ఈ ఆదివారం బల్ల ఉంది, రొట్టెలు చెయ్యి, అన్నాడు.

అందుకే ఈ బల్ల. ఆయన చెప్పకపోయినా అది దయామణి ఒక్కదానికే తెలుసు. రాకపోతే? ఇన్నేళ్లు దేవుడి గంట విని లేచిన ఊరు, మనిషి మాట విని విరిగిపోయి ఇంట్లోనే కూర్చుంటే? దానమ్మ రాకపోతే పల్లె రాదు. పల్లె రాకపోతే ఇంకో ఊరు చూసుకోవాలి. అది పెద్ద బాధ కాదు, మూటాముల్లె ఎంత ఉంది గనక. ఈ మనిషి మళ్లీ ఏ ఊళ్లోనూ నోరెత్తి దేవుడి మాట చెప్పలేడు, అదీ బాధ. తనకి తెలుసు. ఆ గొంతు అక్కడే, ఆ మజ్జిగ గ్లాసులోనే ఉండిపోయింది. ప్రభువా, నువ్వు చూస్తున్నావుగా, మొండివాడే, ఒప్పుకుంటాను, కానీ నీవాడే. ఒక్క ముసలమ్మని పంపు. గోడ కోసం పోట్లాడే ముసలమ్మ ఒక్కతి చాలు.

మూడో గంట మోగింది. తాడు లాగుతుంటే ఏసుపాదం వీపు వంగి లేస్తోంది, ఎప్పుడూ కొట్టే దానికంటే ఎక్కువసేపు కొట్టాడు. మెల్లగా, ఆగి ఆగి, ఇంకా ఆపడానికి మనసొప్పనట్టు. ఆగింది. పిచ్చుక ఎగిరిపోయింది. దయామణి కళ్లు మూసుకుంది. చూడను, చూస్తే సందు ఖాళీగా ఉంటుంది, చూడను.

హాచ్! ఒళ్లో నిరీక్షణ తుమ్మింది. మళ్లీ తుమ్మింది. ఏంటే, పడిశం పట్టిందా అనబోయి, దయామణి ఆగిపోయింది. తన ముక్కుకీ తగిలింది ఘాటు. కోతల కాలంలో ఈ పల్లె మనుషుల కంటే ముందు వాళ్ల కారం వస్తుంది, బట్టల్లోంచి, జుట్టులోంచి, ఎంత తలస్నానం చేసినా. కళ్లు తెరిచింది. వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు, పిల్లల్ని కసురుతున్న చప్పుడు. ముందు దానమ్మ, వెనక పల్లె! తెల్లచీర, కొంగు చాటున స్టీలు చెంబు. గబగబా లోపలికి వచ్చి, బల్ల మీద రసం గిన్నెలోకి తొంగిచూసి, ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేం రసం అమ్మా, రంగునీళ్లు! చెబితే నేను చెయ్యనా? అది తీసెయ్, ఇది పెట్టు. పళ్లు దొరక్క లేటయింది." దయామణికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, గిన్నె తీసి పక్కన పెట్టింది. దానమ్మ చెంబు పెట్టి, వెనక్కి నడిచి, పోయిన వారం కూర్చున్న చోటే, గడప దగ్గరే కూర్చుంది. ఆవిడ పక్కన ఆ వారం వెనక్కి పోయినవాళ్లంతా సర్దుకున్నారు. రమ్మన్నారు వచ్చాం, ముందుకి రమ్మంటే గదా ముందుకి వచ్చేది. ఎవరి మర్యాద వాళ్లది.

ఏసుపాదం బల్ల వెనక నిలబడ్డాడు. గుడ్డ తీశాడు, రొట్టె పట్టుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు. మైకు తీసుకోలేదు. "పోయిన వారం మిమ్మల్ని ఎడంగా కూర్చోమన్నాను," అన్నాడు.  "వానొచ్చిన రోజు మిమ్మల్ని నేను పంపించలేదు. పంపించి ఉండాల్సింది. దానమ్మ నన్ను నాకంటే మంచివాణ్ణి అనుకుంది. ఈ వారం బల్లలో చెయ్యి వెయ్యకూడనిది నేను." అని నడుచుకుంటూ మనుషుల మధ్యనుంచి పోయి, గడప కూడా దాటి, చెప్పుల మధ్య కింద కూర్చున్నాడు. చర్చి అంతా నోరు తెరిచింది. "ఇదేం పనయ్యా, లేవండి, పాస్టరుగారు చెప్పుల్లో కూర్చోడం ఏంటి!" అంది దానమ్మ. ఆయన లేవలేదు, తలెత్తలేదు.  పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి దానమ్మే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. బల్ల దగ్గరికి పోయింది, ఆగింది, పైకి చూసింది, చేతులు కొంగుకి తుడుచుకుంది, రొట్టె తీసి ముక్క తుంచింది. అంతదూరం తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

నోట్లో వేసుకున్నాడు. ఒక్క క్షణం. తర్వాత ఖళ్లుఖళ్లున దగ్గు, మొహం ఎర్రబడి, కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. దానమ్మ కంగారుగా చేతులు వెనక్కి లాక్కుంది. "కడుక్కునే వచ్చానయ్యా, ఒట్టు! చింతపండు రుద్దాను, మజ్జిగ రుద్దాను. ఈ మాయదారి కారం ఆదివారానికి కూడా వదలదు!" ముసలమ్మలు ముందు కిసుక్కుమన్నారు, ఆపైన చర్చి మొత్తం గొల్లుమంది. ఏసుపాదం దగ్గుతూనే, నవ్వుతూనే, కళ్లు తుడుచుకోకుండానే, "ఉండనీ దానమ్మా, వదలొద్దు, అందరికీ నువ్వే పెట్టు" అన్నాడు. గొంతు వచ్చేసింది! 

వరసలు వరసలుగా ముందుకొచ్చారు. దయామణి వంతు రాగానే చెయ్యి చాపింది. నాలిక మీద పెట్టుకోగానే చురుక్కుమంది, చెవుల దాకా పాకింది మంట. ఇన్నేళ్లుగా తినే ఉప్పులేని రొట్టె, ఈ వేళ రుచిగా ఉంది. బల్లలో రెండోసారి చెయ్యి చాపకూడదు, తెలుసు, ఆమెకి మాత్రం మళ్లీ చాపాలనిపించింది.